దొరస్వామి దవడకు కట్టు

పన్ను ఊడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనీ, తిరిగి రావడానికి మాత్రం చిగురు, ఎముక, పన్ను అనే మూడు శాఖల ఆమోదం తప్పనిసరి అనీ ఇందుమూలంగా ప్రజలకు తెలియజేయడమైనది.

వడమాలపేట నాదస్వరం దొరస్వామికి ముందుపన్ను ఊడింది. ఊదితే గాలి పక్కకు పోతోంది. నగరిలో శాంతయ్య కూతురి పెళ్ళికి వాయిస్తానని ఒప్పుకుని ఉన్నాడు. అందుకని భార్య నాగరత్నమ్మతో తిరుపతిలో పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ ఆప్షన్లు చెప్పే అధికారిణి రూపశ్రీ.

"పన్ను పెట్టమ్మా, పోతా."

"పన్ను లాస్ట్ అంకుల్. ముందు చిగురు కోసి శుభ్రం చేస్తారు. లోపల ఎముక కరిగింది, పొడి వేసి పెంచుతారు. అది గట్టిపడినాక మర బిగిస్తారు. మర పట్టినాక పన్ను."

(ఈలోపల తోతాపురి మామిడి అంటు నాటితే పూత చూడవచ్చు.)

"పెండ్లి ఉండాదమ్మా!"

"అయితే తీసి పెట్టుకునే పన్ను ఉంది. దానికీ చిగురు డాక్టర్ సరే అనాల. గురువారం రండి."

నాగరత్నమ్మకు ఇందులో ఒక్క ముక్కే వినపడింది: ఎముక. మా వైపు ఆ మాట విన్న ఇల్లాలు ఊరికే కూర్చోదు.

"ఎముక కరిగిందంటే గమ్మునుంటావేంది? పా, కట్టు కట్టిచ్చుకొద్దాం!"

విరిగిన ఎముకలకు కట్లు కట్టే నాటువైద్యులు పసరు, గుడ్డుసొన పూసి, గడ్డం నుంచి నడినెత్తి దాకా బిగించి కట్టారు. విప్పేదాకా నోరు కదపరాదన్నది ఆ శాఖ నిబంధన.

గురువారం చిగురు డాక్టర్ హృషీకేశ్, "నోరు తెరవండి," అన్నాడు.

"ఊఁ," అన్నాడు దొరస్వామి.

"తెరవకూడదు సామీ," అంది నాగరత్నమ్మ.

"అమ్మా, ఎముక పెంచేది మేము!"

"పెంచు నాయనా, ఎవరొద్దన్నారు? ఉన్నది రాలిపోకుండా మేం కట్టినాం."

రూపశ్రీ ట్యాబ్‌లో "పేషెంటు సహకరించలేదు" అన్న గడి నొక్కింది. సహకరించని నోళ్ళు వరుస చివరికి పోవాలట. ఆ వరుస చివర పెళ్ళిరోజు దాటాక గానీ రాదు.

మాట పోకూడదని నాగరత్నమ్మ ఆయన పాత కచేరీని పెన్‌డ్రైవ్‌లో వేయించి, నగరి మైకుసెట్టు వాళ్ళకు ఇచ్చింది. ముహూర్తానికి అదే మోగింది. పక్కన దొరస్వామి కట్టుతో, ఒళ్ళో నాదస్వరంతో కూర్చున్నాడు.

తాళి కట్టడం అయ్యాక శాంతయ్య వచ్చి భుజం తట్టాడు.

"శానా బాగుండాదప్పా! టిఫినుకు కూడా ఆపలా. రెండో బిడ్డ పెండ్లికీ పెన్‌డ్రైవే పంపిచ్చు. నువ్వెందుకు అంత దూరం రావడం?"

"ఊఁ," అన్నాడు దొరస్వామి కట్టులోంచి. అది ఆమోదంగా నమోదైంది.