ప్రార్థన నిమిత్తం మాత్రమే

గోడకు చెవులుంటాయంటే నవ్వేవాళ్లు బోగోలులో ఇంకా ఉన్నారు గానీ, ఫోనుకు చెవులున్నాయంటే నవ్వేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పుణ్యమంతా జిరాక్సు షాపు క్రీస్తురాజుదే.

'మన బోగోలు చర్చావేదిక' అనే వాట్సాప్ గ్రూపులో తెల్లారి ఆరింటికే ఆయన మొదటి పోస్టు పడుతుంది. పాలమనిషి గేటు తీసేలోపు ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నిటినీ ఉతికి ఆరేసి, లోపలికి వెళ్లి పళ్లు తోముకుంటాడు. అంతటి మనిషి పగలంతా చేసే పని ఊరందరి ఆధార్ కార్డులకూ నకళ్లు తీయడం. ఇదెలా కుదిరిందయ్యా అని ఎవరైనా అడిగితే, "డాక్టరు రోగాల మధ్యన వుండడా? నేనూ అంతే" అనేవాడు.

పైగా నకలు తీసి ఊరికే ఇవ్వడు. దాని మీద ఐమూలగా రెండు గీతలు గీసి, ఆ గీతల మధ్య 'గ్యాసు కనెక్షన్ నిమిత్తం మాత్రమే, ఇతర అవసరాలకు చెల్లదు' అని రాసి గానీ చేతికివ్వడు. ఒకసారి పెళ్లి శుభలేఖ నకలు మీద కూడా 'పెళ్లి నిమిత్తం మాత్రమే' అని రాసిచ్చాడు.

గ్రూపులో ఆయనకు జోడీ ఎరువుల కొట్టు గంగాధరం. కొత్త యాప్ ఏది వచ్చినా మొదట దించుకునేది అతనే.

"దాచుకునేంత యవ్వారం నీకాడ ఏముందన్నా? నీ బీపీ మాత్ర పేరు తెలుసుకోని కంపెనీవోడు ఏం చేసుకుంటాడు?" అనేవాడు గంగాధరం.

"ఇట్టాంటోళ్ల వల్లే దేశం ఇట్టా తగలడింది. ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు ఏయించుకునింది మీ పార్టీయే గదా!"

"అన్నం తినే టయానికి సర్వే ఫోన్లు చేసేది మీ పార్టీ కాదా?"

ఇలా దేశాన్ని చెరో వైపు లాగి, పదకొండింటికి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవారు. ఈ యుద్ధాల వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు, నెల రోజుల కిందటి వరకు.

క్రీస్తురాజు భార్య ఆనందకుమారి చిల్లకూరు హైస్కూల్లో లెక్కల టీచరు. అక్కడే ఒక గది తీసుకుని ఉంటుంది. శనివారం సాయంత్రం గూడూరులో రైలెక్కి బిట్రగుంటలో దిగుతుంది. ఆదివారం ఆరాధన, చేపల పులుసు, మొగుడితో నాలుగు వాదనలు పూర్తి చేసుకుని, సోమవారం తెల్లారకముందే రైలెక్కుతుంది. క్రీస్తురాజు వారమంతా బతికేది ఆ ఒకటిన్నర రోజు కోసం. ఆ మాట ఆయన ఏ గ్రూపులోనూ పెట్టలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

నెల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం గంగాధరం సవాలు విసిరాడు. "ఫోను వింటాదని రుజువు చూపించన్నా. లేకుంటే ఈ పాట ఆపు."

క్రీస్తురాజుకు రోషం తన్నుకొచ్చింది. అన్నం చేత్తోనే టైపు చేశాడు. 'పొద్దున మా ఆనందకుమారి తలకు వేసుకునే రంగు అయిపోయిందని ఒక్కమాట అనింది. గంట తిరగక ముందే నా ఫోను నిండా రంగుల ప్రకటనలే. ఇంతకంటే ఏం రుజువు కావాల?'

గంగాధరం నోరు మూతబడింది. అరవై మూడు బొటనవేళ్లు లేచాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. క్రీస్తురాజు రచ్చ గెలిచి ఇంట్లోకి వెళ్లాడు.

సాయంత్రం చేపలమ్మ గంప దించుతూనే అడిగింది. "టీచరమ్మా, నువ్వేసేది నల్లదా, గోదుమదా?" ఆ ప్రశ్న ఎక్కడిదో తెలుసుకోవడానికి ఆనందకుమారికి నిమిషం పట్టలేదు.

"కంపెనీ వినిందో లేదో నాకు తెల్దు. వినినా ఒక డబ్బా అమ్ముకునేదానికి వినింది. నువ్వు గెలిచేదానికి చెప్పినావు" అన్నది.

"అది కాదు కుమారీ, ప్రైవసీ గురించి జనానికి అవగాహన..."

"నా తల మీదా అవగాహన?"

మర్నాడు వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ పోస్టు చిల్లకూరు దాకా పాకిందనీ, తొమ్మిదో తరగతి పిల్లలు బోర్డు చూడటం మాని టీచరు పాపిట చూస్తున్నారనీ తర్వాత తెలిసింది.

క్షమించమని ఒక్కమాట అంటే తీరిపోయేది. కానీ క్రీస్తురాజు దగ్గర ఉన్న సమాచారమంతటిలో ఆ మాటే అతి రహస్యమైనది. ఫోను చేస్తే ఆమె ఎత్తదు. 'భోంచేసినావా' అని మెసేజి పెడితే జవాబుండదు. పోనీ చూసిందా అంటే, నీలం టిక్కులు రావు. చివరిసారి ఎప్పుడు ఫోను తెరిచిందో కనబడదు. మొహం బొమ్మ కూడా కనబడదు. కిందటి ఏడు దసరా సెలవుల్లో దగ్గర కూర్చోబెట్టుకుని ఆమె ఫోనులో అవన్నీ ఆపించిన మహానుభావుడు ఈయనే. ఇన్నాళ్లకు ఆ విద్య పక్కాగా పనిచేస్తోందని ఆయనకు బాగా తెలిసొచ్చింది.

శనివారం వస్తే అలవాటు కొద్దీ బండి బిట్రగుంట స్టేషనుకు పోయేది. ఆడవాళ్ల పెట్టె ఆగే చోట నిలబడి, దిగిన వాళ్లందరినీ చూసి, గార్డు పచ్చజెండా ఊపాక తిరిగొచ్చేవాడు. మొదటి వారం ఒక్కడికే పులుసు పెట్టుకున్నాడు. ఉప్పు ఎక్కువైంది. ఎక్కువైందని అనేవాళ్లు లేక అలాగే తిన్నాడు. రెండో వారం చేప కొనలేదు.

మూడో వారం ఫోను చేతిలో పట్టుకుని, "ఆనందకుమారీ, ఆనందకుమారీ" అని నాలుగుసార్లు గట్టిగా అన్నాడు. వినే కంపెనీలు ఎలాగూ వింటున్నాయి కదా, ఈ ఒక్కమాట ఆమె ఫోనుకు చేరవేస్తే వాళ్ల సొమ్మేం పోయింది? మర్నాడు ఆయన ఫోనుకు పెళ్లిసంబంధాల ప్రకటన వచ్చింది.

అప్పుడు పుట్టింది ఆ పథకం.

వాళ్ల చర్చిలో ప్రార్థన మనవుల పెట్టె ఒకటి ఉంది. కష్టాలున్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు, పేరు రాయకపోయినా ఫరవాలేదు. స్త్రీల సమాజం పెద్ద ఎలిశబెతక్క ఆ చీటీలు తీసి తమ గ్రూపులో పెడుతుంది. ఆ గ్రూపులో ఆనందకుమారి ఉంది. ఫోను ఎత్తకపోతే ఎత్తకపోనీ, ప్రార్థన మనవి చదవకుండా పోతుందా?

చేతిరాత దొరక్కుండా కంప్యూటరులో కొట్టాడు. 'పేరు చెప్పుకోలేని ఒక సహోదరుని భార్య మూడు వారములుగా ఇంటికి రాలేదు. తప్పు ఆ సహోదరునిదే కావచ్చు, కాకపోవచ్చు. ఆ సహోదరి మనసును ప్రభువు మెత్తబరచునట్లు ప్రార్థించండి.' ఊరు లేదు, వీధి లేదు, వయసు లేదు. అంతా పకడ్బందీగా ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. అలవాటుగా పెన్ను తీసి చీటీ మీద ఐమూలగా రెండు గీతలు గీసి, మధ్యలో 'ప్రార్థన నిమిత్తం మాత్రమే, ఇతర అవసరాలకు చెల్లదు' అని రాసి, మడిచి, ఆదివారం పొద్దున్నే పెట్టెలో వేసి వచ్చాడు.

ఎలిశబెతక్క ఆ చీటీని ఫొటో తీసి గ్రూపులో పెట్టిన అరగంటకు బోగోలులో ఆధార్ కార్డు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ సహోదరుడెవరో తెలిసిపోయింది.

అయినా ఎవరూ పేరెత్తలేదు. పరువు గల మనుషులు. సోమవారం ఏంజెలిన్ అనే ఆమె గిన్నెతో పులుసు తెచ్చింది. "అన్నా, ఆ పేరు తెలియని సహోదరుడు ఎవురో నీకు తెలిసుంటే ఇది ఇచ్చెయ్. పాపం, తిని ఎన్నాళ్లైందో." క్రీస్తురాజు గిన్నె అందుకుని, "తెలిస్తే ఇస్తాలేమ్మా" అన్నాడు. సాయంత్రం కడిగిన గిన్నె తిరిగిస్తుంటే ఆమె, "ఆ సహోదరుడికి కారం సరిపొయ్యిందా?" అని అడిగింది.

బుధవారం చర్చావేదికలో గంగాధరం ఓటింగు పెట్టాడు. ఆ సహోదరుడు ఎవరు? ఒకటి, క్రీస్తురాజు. రెండు, జిరాక్సు షాపు క్రీస్తురాజు. మూడు, బిట్రగుంట స్టేషనులో శనివారం కనిపించే క్రీస్తురాజు. రెండు పార్టీల వాళ్లూ జీవితంలో మొదటిసారి ఒకే దానికి, మూడోదానికి, ఓటు వేశారు. క్రీస్తురాజు పౌరుల గోప్యత గురించి ఆరు పేరాలు రాశాడు. ఎవరూ చదవలేదు.

శుక్రవారం ఎలిశబెతక్క స్వయంగా షాపుకు వచ్చింది.

"తమ్ముడూ, రేపు ఆ సహోదరుడి కోసం గొలుసు ప్రార్థన పెట్టినాము. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, అరగంటకొకరు. గంగాధరం భార్య కామాక్షి కూడా ఒక అరగంట తీసుకునింది, మన మతం కాకపొయినా. ఆఖరి అరగంట మాత్రం ఆ సహోదరుడే చెయ్యాల. లేకుంటే గొలుసు తెగిపోతాది."

క్రీస్తురాజు బల్ల మీది కాగితాలు సర్దాడు. "ఆయన బయటికి రాడేమో అక్కా. ఆయన తరపున నేను చేస్తాలే."

"అట్టనే చెయ్యి. నా ఫోనుకు చేసి ప్రార్థన చెప్పు."

"ఎవురూ వినరు గదా?"

"ప్రార్థన వినేది పైన వుండే ఆయన తమ్ముడూ. మనమెంత?" అని ఎలిశబెతక్క వెళ్లిపోయింది.

శనివారం అయిదున్నర. పోలేరయ్య అనే రైతు ఆధార్ కార్డు తెచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. క్రీస్తురాజు కార్డును యంత్రంలో పెట్టి, "ఒక్క అరగంట ఆగు మామా" అని చెప్పి, కాగితాల కట్టల వెనక నక్కి ఫోను చేశాడు.

"ప్రభువా, ఆ సహోదరుని భార్యను జ్ఞాపకం చేసుకో. ఆమె మంచిది. ఆ సహోదరుడు కూడా... ఒక మాదిరి మంచోడే. ఆయన ఏదో వాదనలో నోరు జారినాడు. ఆమె రాదని తెలిసినా శనివారం స్టేషనుకు పోతాడు తండ్రీ. రైల్లోనుంచి దిగిన వాళ్లందర్నీ చూస్తాడు. ఆమె దిగంగానే, ఏందా చొక్కా, ఇంట్లో ఇంకోటి లేదా అంటాది. నాలుగు వారాలుగా నా చొక్కా సంగతి అడిగినోళ్లు లేరు ప్రభువా. ఆమె తల తెల్లగుంటే నాకేంది, నల్లగుంటే నాకేంది? ఆ తల మా ఇంట్లో వుంటే చాలు. ఊళ్లో అందరితో గెలిచినా, ఇంటికి పోతే ఓడిపొయ్యేదానికి మనిషి లేదు. ఆమె లేకుంటే నాకు ఏమీ తోచడం లేదు తండ్రీ. తప్పు నాదే. ఆమేన్."

"ఆమేన్!" అన్నది ఫోను.

ఒక్క గొంతు కాదు. పాతిక గొంతులు.

క్రీస్తురాజు కాగితాల కట్ట మీద కూలబడ్డాడు. "అక్కా, స్పీకరు పెట్టినావా?"

"పెట్టింది" అన్నది ఇంకో గొంతు. నాలుగు వారాలుగా రైల్వే స్టేషనులో వెతుకుతున్న గొంతు. "మధ్యలో ఆ సహోదరుడు యాడికి పొయ్యినాడు?"

"కుమారీ! యాడున్నావు?"

"చర్చి వరండాలో. మధ్యాన్నం బండికే వచ్చినా. ఆ గీతలు చూసిన దినమే ఎలిశబెతక్కకు చెప్పినా, ఆఖరి అరగంట నీకే ఇమ్మని."

"ఇది అన్యాయం కుమారీ. నేను ఒక్క అక్కకు చెప్పుకున్నా, నువ్వు ఇంతమందికి..."

"నేను నీ ఒక్కడికి చెప్పుకున్నా."

ఇన్నేళ్లుగా గ్రూపులో వందల పోస్టుల్లో క్రీస్తురాజు చెప్పలేకపోయిన సంగతి ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది.

"క్షమించు కుమారీ" అన్నాడు చివరికి.

"సరే. జవాబొచ్చిన ప్రార్థనకు సాక్ష్యం చెప్పాలని తెలుసు గదా. రేపు ఆరాధనలో చెప్పాల."

"పేరు లేకుండా..."

"పేరుతో."

"మైకులోనా?"

"మైకులోనే. ఏం చేసినావు, ఎందుకు చేసినావు, మొత్తం."

క్రీస్తురాజు కళ్ల ముందు మూడొందల మంది సంఘం, వాళ్ల చేతుల్లో మూడొందల ఫోన్లు, అన్నిటి కెమెరాలూ తన వైపే తిరిగి ఉండటం కనిపించాయి.

"చెప్తా. నువ్వు మొదటి వరసలో కూర్చోవాల."

"ముందు వచ్చి నన్ను ఇంటికి తీసకపో. సంచి బరువుగా వుండాది."

క్రీస్తురాజు చెప్పులు కూడా వేసుకోకుండా బండి మీదికి దూకాడు. "అబ్బయ్యా, నా కార్డు మిషనులోనే వుండాది! ఎవురన్నా చూస్తే?" అని పోలేరయ్య వెనక నుంచి అరిచాడు.

"చూస్తే చూడనీ మామా!" అంటూ క్రీస్తురాజు మలుపు తిరిగిపోయాడు.