అధ్యక్షులవారి గుండెనొప్పి

ఒక పెద్ద అడవిలో గాలి ఎలా ఉందో చెప్పడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉండేవాడు. నవ్వకండి, నిజమే! పేరు రంగనాయకులు, జాతికి ఊసరవెల్లి. పొద్దున్నే సభామైదానంలో మొద్దెక్కి గట్టిగా ఊపిరి పీల్చేవాడు. ఒంటికి ఆకుపచ్చ వస్తే గాలి మంచిది. పసుపు వస్తే పరవాలేదు. ఎరుపు వస్తే పిల్లల్ని బయటికి పంపకూడదు. నలుపు అప్పటిదాకా ఎప్పుడూ రాలేదు కాబట్టి దానికి అర్థం ఎవరూ రాసిపెట్టలేదు.

అడవి కౌన్సిలుకి అధ్యక్షుడు ఎలుగుబంటి బొచ్చయ్య. ఆయనకి తేనె అంటే ప్రాణం. కార్యదర్శి నక్క జిత్తేశ్వర్రావు. ఈయనకి అధ్యక్షుడంటే ప్రాణం, అదీ పదవిలో ఉన్నంతకాలం. ఇద్దరూ కలిసి అడవి నడిమధ్యలో బొగ్గుల బట్టీ పెట్టించారు. బొగ్గు పక్క అడవికి పోయేది, బదులుగా తేనెకుండలు కొండమీద బొచ్చయ్యగారి గుహకి వచ్చేవి. "ఇదే అభివృద్ధి!" అన్నాడు జిత్తేశ్వర్రావు. జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి, ఆనక దగ్గాయి.

బట్టీకి దుంగలు లాగే పని అడవిదున్న గంగులుది. వాడు ఎదురొస్తే ఏనుగు కూడా పక్కకి తప్పుకునేది, అంత ఒళ్ళు. అలాంటివాడు ఆరు నెలలు తిరిగేసరికి పది అడుగులేసి ఆగిపోతున్నాడు. ఒకరోజు ఛాతీ పట్టేసి, ఒళ్ళంతా చెమటలు పోసి, దుంగ పక్కనే కూలబడ్డాడు. పెళ్ళాం నీలవేణి లబోదిబోమంటూ పోయి డాక్టరు సూదమ్మని పిలుచుకొచ్చింది.

సూదమ్మ ముళ్ళపంది. హస్తవాసి మంచిదే గానీ, దగ్గరికొచ్చి గుండె వింటే రోగికి ఉన్న జబ్బుకి తోడు గాయాలు కూడా అవుతాయి. అందుకని పొడుగాటి వెదురుగొట్టం పెట్టుకుని బారెడు దూరం నుంచి వినేది.

"ఇది గుండె, నీలవేణీ," అంది గొట్టం దించి. "పొగలో ఉండే సన్నటి మసి ఊపిరితో లోపలికి పోయి, నెత్తురులో కలిసి, గుండెకి పోయే నాళాలను పాడుచేస్తుంది. ఇంకొన్నాళ్ళు ఈ పొగలోనే ఉంటే నీ మొగుడు దక్కడు తల్లీ."

"పని మాన్పించేస్తానమ్మా!"

"మీ ఇల్లెక్కడ?"

"బట్టీ వెనకాలే."

"మరి పని మానేస్తే ఏం లాభం? పొగ ఇంటికే వస్తోందిగా. ఆగాల్సింది బట్టీ."

నీలవేణి కొమ్ములు దించుకుని నేరుగా కౌన్సిలు సభలోకి పోయింది. వెనకాలే సూదమ్మ. కోపంతో ఆవిడ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి, దారిలో ఉన్నవాళ్ళు తమంతట తామే జరిగారు.

"బట్టీ ఆపండయ్యా! పొగకి మా ఆయన గుండె ఆగిపోయేలా ఉంది," అంది నీలవేణి.

జిత్తేశ్వర్రావు మీసం సవరించుకున్నాడు. "పొగ పోయేది ముక్కులోకి. గుండెకి ముక్కుందా డాక్టరమ్మా?"

సభ ఘొల్లుమంది. కోతులు నవ్వలేక కొమ్మల మీంచి కింద పడ్డాయి.

"మీ రంగనాయకుల్నే అడగండి," అంది సూదమ్మ.

అందరూ మొద్దు వైపు తిరిగారు. రంగనాయకులు వారం రోజులుగా కాటుకలా నల్లగా ఉన్నాడు. "అయ్యా, నేను మొదట్నుంచీ..." అని నోరు తెరిచాడు.

"పాపం, ఆయనకి ఒంట్లో బాగాలేదు. సభ వాయిదా!" అన్నాడు జిత్తేశ్వర్రావు.

మర్నాడు మొద్దు మీద ఒక లేత అరటాకు వేశారు. ఉద్యోగి సౌకర్యం కోసమట! ఊసరవెల్లి కదా, ఏం చేస్తాడు? ఆకు మీద కూర్చోగానే పాపం ఆకుపచ్చగా మారిపోయాడు. "అయ్యా, ఇది ఆకు రంగండీ, గాలి రంగు కాదు," అని మొత్తుకున్నాడు. ఆ మొత్తుకోళ్ళు కౌన్సిలువాళ్ళు కొట్టించిన డప్పుల మోతలో కలిసిపోయాయి. గంటగంటకీ ఆకు మీద మసి పడుతోందని, తుడవడానికి రెండు కోతుల్ని కూడా వేశారు.

ఆ వెంటనే ఉత్తర్వు వచ్చింది. "గాలి ఆకుపచ్చగా ఉన్న అడవిలో పొగవల్ల గుండెనొప్పి రావడం కుదరదు. కావున ఇకమీదట ఛాతీలో వచ్చు ప్రతి నొప్పినీ గ్యాసుగా పరిగణించవలెను. మందు: గుప్పెడు వాము."

ఇంకేం! అడవంతా వాము ఘాటు. తోడేలుకి ఎడమ భుజం లాగితే వాము. అడవిపందికి ఆయాసమొస్తే వాము. ముసలి దుప్పి గుండె పట్టుకుని పోతే, కాగితం మీద "తీవ్రమైన గ్యాసు" అని రాసి ముద్ర కొట్టారు. గంగులుకైతే పూటకో గుప్పెడు. వాడు నానాటికీ నీరసపడిపోతుంటే నీలవేణికి మేత సయించలేదు. వాడి ఛాతీకి చెవి ఆనించి, కొట్టుకుంటోందా లేదా అని వింటూ కూర్చునేది.

ఇంతలో రెండో బట్టీ ప్రారంభోత్సవం వచ్చింది. విందంటే విందు! బొచ్చయ్యగారు నాలుగు పనసపండ్లు, వాటి మీద రెండు కుండల తేనె, ఆ పైన బుట్టెడు ఉడకేసిన శనగలు లాగించి, ఉపన్యాసానికి లేచారు.

"ప్రియమైన అడవివాసులారా! ఈ స్వచ్ఛమైన గాలి... ఈ గాలి... అమ్మో!"

ఛాతీ పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. రూలు రూలే కదా, జిత్తేశ్వర్రావు వాము పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"నేను చస్తుంటే వామేంట్రా వెధవా! డాక్టరమ్మని పిలు!"

సూదమ్మ వచ్చి గొట్టం ఆనించింది. గుండె కొత్త డప్పులా టంగుమని మోగుతోంది. కింద పొట్టలో మాత్రం పనసతొనలూ శనగలూ జాతర చేసుకుంటున్నాయి.

ముప్ఫై ఏళ్ళ వైద్యంలో సూదమ్మ ఏనాడూ అబద్ధమాడలేదు. ఆ రోజూ ఆడలేదు.

"గ్యాసండీ," అంది.

"నాకా? గ్యాసా?" బొచ్చయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంత నొప్పి గ్యాసెలా అవుతుంది? అందరికీ చెప్పినట్టే నాకూ చెబుతావా?"

"మీ ఉత్తర్వు ప్రకారం ఇంకోమాట చెప్పడానికి లేదు కదండీ."

"ఆ ఉత్తర్వు రద్దు! గుండె అను!"

"గుండె అంటే పొగవల్ల అనాలి. పొగవల్ల అంటే బట్టీ ఆపాలి."

"ఆపండి! రెండూ ఆర్పేయండి! ఎవర్రా అక్కడ, నీళ్ళు!"

ఏనుగులకి ఇంకోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. తొండాలతో ఏరు ఏరంతా తెచ్చి బట్టీల మీద కుమ్మరించాయి. బొచ్చయ్య పడుకునే ఉండి, బట్టీలు ఆపే ఉత్తర్వు మీద పంజాముద్ర వేశాడు. రంగనాయకులు అరటాకు మీంచి ఒక్క దూకు దూకి, "హమ్మయ్య!" అంటూ తన సొంత నలుపులోకి వచ్చేశాడు. జనం హాహాకారాలు, కోతుల శోకాలు, దేవుళ్ళకి మొక్కులు.

అప్పుడు బొచ్చయ్యగారు త్రేన్చారు. అబ్బో, అదేం త్రేన్పండీ! చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నొప్పి మాయం.

జిత్తేశ్వర్రావు చెవి దగ్గర చేరాడు. "అధ్యక్షా, గ్యాసే! బట్టీలు మళ్ళీ వెలిగించమంటారా?"

బొచ్చయ్య చుట్టూ చూశాడు. సగం అడవి ఏడుస్తోంది. మిగతా సగం దండలు గుచ్చుతోంది. "మృత్యువును జయించిన మా బొచ్చయ్య!" అని ఎలుకలు నినాదాలిస్తున్నాయి.

"నోర్ముయ్," అన్నాడు గొంతు తగ్గించి. "గ్యాసు మామూలోళ్ళకి వస్తుంది. నాకొచ్చింది గుండెపోటు."

ఆయన గుండెపోటు నిజమని నిలబడాలంటే బట్టీలు ఆరిపోయే ఉండాలి కదా! అలాగే ఉండిపోయాయి. నాలుగు నెలలకి గంగులు లేచి, నీలవేణితో ఏటిదాకా ఆగకుండా నడిచాడు. దారిపొడుగునా ఆమె సంతోషంతో ఏడుస్తూనే ఉంది. కౌన్సిలు చిట్టాలో మాత్రం గంగులు జబ్బు గ్యాసు, అధ్యక్షులవారిది గుండె. దిద్దేవాడు లేడు.

నీతి: చిన్నవాడి గుండెనొప్పి గ్యాసు, పెద్దవాడి గ్యాసు గుండెనొప్పి, గాలి బాగుపడాలంటే పెద్దవాడికి బాగా పనసపండ్లు పెట్టండి.