పోయొస్తా బటన్

చనిపోయినవాళ్ళు తమ మరణాన్ని తామే తెరమీద నమోదు చేసుకోవాలన్న నిబంధన వచ్చాక, బటన్ నొక్కలేనివాళ్ళు ఇంటికి తిరిగి వస్తున్నారు. సుంకలమ్మ కూడా అలాగే వచ్చింది. మంగళవారం ఊపిరి ఆగింది. బుధవారం పొద్దున పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తట్టింది.

"ఉప్పు తక్కువైందిమే," అన్నాడు భర్త ఓబిలేసు.

"సచ్చినంక గూడా వంకలేనా నీకు?"

ఓబిలేసుకు ఈ ఏర్పాటు బాగానే ఉంది. ప్రతి సోమవారం భార్యను మండల కార్యాలయానికి తీసుకెళ్ళేవాడు. తెరమీద 'నిష్క్రమణను ధ్రువీకరించండి' అని బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరాలుండేవి. చల్లబడిన వేలిని తెర గుర్తించేది కాదు. తప్పు చనిపోయినవాళ్ళదేనని, చదువుకోకుండా పోయారని కార్యాలయం తేల్చింది. సుంకలమ్మ తిరిగి వచ్చేది. ఓబిలేసు దారిలో ఆమెకు పూలు కొనేవాడు.

వరండాలో చనిపోయినవాళ్ళు పెరిగి సిబ్బందికి కుర్చీలు చాలకపోవడంతో, తెరలు తయారుచేసే నస్రీన్‌ను పిలిపించారు. ఆమె ఎవరికీ ఏమీ నేర్పలేదు. పక్కన కూర్చుని, వేలు ఎక్కడ తడబడుతోందో చూసింది. అక్షరాలు పెంచింది. అక్కరలేనివి తీసేసింది. చల్లని వేలికీ పనిచేసేలా చేసింది. బటన్ మీద తేలిక మాటగా 'పోతాను' అని రాసింది.

సుంకలమ్మ వేలు దాని మీదే ఆగిపోయింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"పోతా అంటారా ఎవురైనా? గడప దాటేటప్పుడు పోయొస్తా అనల్ల. మీ ఇంట్లో చెప్పల్యా?"

నస్రీన్ బటన్ మీది మాటను మార్చబోయింది. ఓబిలేసు లేచాడు.

"వద్దు పాపా. ముందుదే బాగుండాది. ఆ చిన్నచ్చరాలే పెట్టు."

"వాడేది పెద్దమ్మ కదా పెద్దాయనా, మీరు కాదు."

ఓబిలేసు భార్య వైపు చూశాడు.

"నాకూ కాళ్ళు పీకుతాండాయిలేయ్యా," అంది సుంకలమ్మ మెల్లగా. నస్రీన్ మార్చి పెట్టిన కొత్త బటన్‌ను కూడబలుక్కుని చదివింది. "పోయొస్తా."

"పోయిరా," అన్నాడు ఓబిలేసు. ఇన్నేళ్ళ అలవాటు.

సుంకలమ్మ నొక్కింది. తెర పచ్చబడింది. కుర్చీ ఖాళీ అయింది. గుమాస్తా తర్వాతి పేరు పిలిచాడు.

ఓబిలేసు కదలలేదు. "వస్తానన్యది కదమ్మా. వచ్చేదానికి బటన్ యాడుంది?"

నస్రీన్ తెర అంతా వెతికి చూపించింది. లేదు. అలాంటిది కావాలని వాడేవాళ్ళెవరూ ఇంతవరకు అడగలేదని చెప్పింది. అడిగేది బతికి మిగిలినవాళ్ళే. వాళ్ళు వాడేవాళ్ళ కిందికి రారు.

'మా సేవ ఎలా ఉంది?' అని తెర అడిగింది. కింద అయిదు నక్షత్రాలు. అవి నొక్కకపోతే ఆ పేజీ మూసుకోదు. వెనక జనం నిలబడి ఉన్నారు.

ఓబిలేసు అయిదూ నొక్కాడు.