ముందు చెప్పినోళ్లకు విడుదల

ఆ పొద్దున ఎర్రిస్వామి కదిరికి పోయి విత్తనకాయలు తేవాలనుకున్నాడు. సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు కూడా. అప్పుడే మిద్దె మీంచి కూతురు పుష్పావతి గొంతు వినబడింది.

"నువ్వు నోరిప్పొద్దు, నేనూ ఇప్పను. ఇద్దరికీ ఏడాది జైలుతో పోతాది. నువ్వొక్కదానివే చెప్పేస్తే నీకు విడుదల, నాకు పదేండ్లు!"

"ఇద్దరమూ చెప్పేస్తే?" అంది ఎదురింటి హనుమంతప్ప కూతురు అశ్విని.

"ఇద్దరికీ ఐదేండ్లు."

ఆడపిల్లలిద్దరూ అనంతపురంలో యూనివర్సిటీ చదువు చదువుతూ, పరీక్షల ముందు సెలవులకు ఇంటికొచ్చారు. ఎర్రిస్వామి సంచి మెట్ల కిందే పడేశాడు. పైకి పోయి అడగబోతే భార్య కదిరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అడిగితే చెప్తారా? భయపడి యాడికన్నా పోతారు. ఓబుళేసన్నను కనుక్కో."

ఓబుళేసు పొలం గట్టు తగాదా మీద సగం వయసు కోర్టులోనే గడిపిన మనిషి. ఊరికి చట్టమంటే ఆయనే. "ఎవురు ముందు పోయి చెప్తే వాళ్లకు శిక్ష తగ్గుతాదప్పా" అన్నాడు. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోవడం న్యాయం కాదని, ఆ వెంటనే హనుమంతప్ప ఇంటికీ వెళ్లి అదే మాట చెప్పి వచ్చాడు.

ఒకే బోరు నీళ్లు పంచుకునే మనిషిని ఇరికించడానికి ఎర్రిస్వామికి మనసొప్పలేదు. బస్టాండు దాకా ఒప్పలేదు. బస్సెక్కాక ఒప్పింది.

"మా పాప అమాయకురాలు మేడం. అంతా ఆ హనుమంతప్ప కూతురే చేసినాది" అన్నాడు స్టేషన్‌లో ఎస్సై పద్మజ ముందు చేతులు కట్టుకుని.

"ఏం చేసింది?"

ఆ సంగతి ఎర్రిస్వామి ఆలోచించుకోలేదు. పదేళ్లకు సరిపడే నేరం కావాలి. "పరీక్ష పేపర్ దొంగిలించినాది" అన్నాడు.

అంతలో హనుమంతప్ప రొప్పుతూ దిగాడు. ఎస్సై ఆయనను వేరే గదిలోకి తీసుకెళ్లి అడిగింది.

"ఎర్రిస్వామి కూతురు బ్యాంకు దోచినాది మేడం."

"ఏ బ్యాంకు?"

"అది ఆ పాపనే అడగండి."

ఒక్క పూటలో రెండు నేరాలు బయటపడేసరికి ఊళ్లోకి జీపు వెళ్లింది. పిల్లలిద్దరూ చేతిలో పుస్తకంతోనే వచ్చి దిగారు.

"మేం చదువుతాండింది మైక్రో ఎకనామిక్స్ మేడం" అంది పుష్పావతి పేజీ తెరిచి. "ఇద్దరు దొంగలను చెరొక గదిలో పెట్టి అడుగుతారు. ఇద్దరూ గమ్మునుంటే ఇద్దరికీ మేలు. అయినా ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక, ఇద్దరూ చెప్పేసి ఇద్దరూ చెడతారు. అదే పాఠం."

ఎస్సై ఆ పేజీ అంతా చదివింది. ఈ గదిలోకి ఒకసారి, ఆ గదిలోకి ఒకసారి చూసింది. పిల్లలను జీపులోనే ఇంటికి పంపేసి తండ్రులను పిలిచింది.

"లేని కేసులకు జీపు తిప్పించినారు. ముందు అబద్ధం చెప్పింది ఎవరు?"

"ఈయప్పే!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

పొద్దు వాలేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి వదిలిపెట్టింది. తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. వేరే సీటు ఖాళీ లేదు.