కుందేళ్లకూ మర్యాద

ఆ ఉదయం నెజాత్ అనుకున్నది చిన్న పనే. ఇరవై కుందేళ్ల రక్తపరీక్షల ఫలితాలు రాసుకుని, పది గంటలకు ప్రొఫెసర్ మెస్ఫిన్ ముందు పెట్టాలి. ఆరు నెలలుగా పది కుందేళ్లకు, నమిలితే ఆకలీ నిద్రా చంపి హుషారెక్కించే ఖాట్ ఆకు, మిగతా పదింటికి ఉత్త క్యాబేజీ పెట్టిస్తోంది. ఆకు నమిలితే కాలేయం చెడుతుందని తేలితే పట్టా చేతికొస్తుంది. తేలకపోతే ఇంకో ఏడాది ఈ బోనుల ముందే కూర్చోవాలి.

తీరా చూస్తే ఇరవై కాలేయాలూ ఒకేలా చెడిపోయాయి.

సీసాలు తారుమారయ్యాయేమోనని మళ్లీ రక్తం తీసింది. చేతులు రక్కించుకుంది. ఫలితం అదే. అయితే తప్పు క్యాబేజీదే అయ్యుండాలి. హరర్ ఊరి సంతకు పరిగెత్తి, కూరగాయల సాదియాను నిలదీసింది.

"నీ క్యాబేజీకి ఏం మందు కొట్టావక్కా? నా కుందేళ్ల కాలేయాలు పాడైపోయాయి!"

సంతలో ఆ మాట నాలుగు కొట్లు దాటేసరికి అందులోంచి కుందేళ్లు జారిపోయాయి, కాలేయాలే మిగిలాయి. పది గంటలకు సాదియా, ఆమె వెనక క్యాబేజీ కొన్న ముప్పై మంది కాలేజీలో ఉన్నారు.

"మా రక్తం కూడా చూడండి!" అని ఒకాయన చెయ్యి చాపాడు.

"ముందు ఈ పిల్ల నోరు చూడండి!" అంటూ సాదియా పచ్చి క్యాబేజీ కరకరా నమిలింది. "ఇదిగో తింటున్నా. చస్తే రాసుకోండి సార్!"

ప్రొఫెసర్ కళ్లజోడు తీశాడు. "ఇది పరిశోధనా, పంచాయితీనా అమ్మా?"

కుందేళ్లను చూసుకునే బెక్రి ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "క్యాబేజీని ఏమీ అనకండి. ఆ క్యాబేజీ పదింటికి కూడా రోజూ ఆకు పెట్టింది నేనే."

"బాబాయ్! ఎందుకు పెట్టావు?"

"ఎందుకేంటమ్మా? పది కూర్చుని నములుతుంటే, పక్కనున్న పదీ వాటి నోళ్లు చూస్తూ కూర్చోవాలా? మనిళ్లల్లో అట్లా చేస్తామా?"

"అదీ మాటంటే!" అంది సాదియా. ముప్పై మందీ నెజాత్ వైపు అదోలా చూశారు.

నెజాత్ తల పట్టుకుంది. "నేనిచ్చింది పదింటికి సరిపడా ఆకే కదా! మిగతాది ఎక్కడిది?"

"నేను రోజూ నమలడానికి కొనుక్కునే కట్ట. వాటికే సరిపోయేది. నేను నమిలి ఆరు నెలలైంది. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది. మా ఆవిడ మళ్లీ మాట్లాడుతోంది కూడా."

ప్రొఫెసర్ బెక్రి చొక్కా చెయ్యి పైకి మడిచి రక్తం తీశాడు. గంటలో ఫలితం వచ్చింది. కాలేయం నిక్షేపంలా ఉంది.

నెజాత్ సమర్పించిన పట్టికలో 'ఆకు తినని జంతువులు' అన్న గడిలో ఒక్కటే ఉంది: బరువు అరవై రెండు కిలోలు, చెవులు మామూలువే.