బొటనవ్రేలి దుర్గభంగము

సకలవర్ణవిరాజితంబును, నవోర్ణాగంధబంధురంబును, ట్యూబులైటు ప్రభాపటలపరివేష్టితంబును, ఏసీ యంత్ర ఘర్ఘరారావముఖరితంబును, లిఫ్టు లేని కారణమున ఆయాసపడి రెండంతస్తులు ఎక్కినవారికి మాత్రమే దర్శనీయంబును అగు ఒకానొక తివాచీల దుకాణమునందు, తొలకరి మేఘములు కిటికీ అద్దములను తడుపుచున్న ఒకానొక మధ్యాహ్నమున, ఒక మహావీరుడు కుడికాలి సాక్సు తీయుటకు నిరాకరించెను. మన గాథకు మూలము ఇదియే. ఇంతకన్న ఘనమైన మూలము దొరకనందుకు కథకుడు సభవారిని ముందే మన్నింపు కోరుచున్నాడు.

ఆ వీరుని అసలు పేరు జీతాల పట్టీలో ఎక్కడో ఉండవచ్చును గాని, దుకాణములో అందరును ఆయనను పాదాలరాయుడు అనుచుందురు. కారణము కలదు. తివాచీ మెత్తదనమును నోటితో వర్ణింపరాదని ఆ దుకాణపు కట్టుబాటు. అమ్మువాడు బూట్లు విడిచి, సాక్సులు విడిచి, తివాచీ నడుమకు నడిచి, ఉన్నిపోగులలో బొటనవ్రేళ్లు మునుగునట్లు నిలిచి, ఏమియు పలుకక ఒక్క చిరునవ్వు నవ్వవలెను. కొనువాడు ఆ పాదములను చూచి, తానే తన ఇంట అట్లు నిలిచినట్లు ఊహించుకొని, పర్సు తీయును. ఈ విద్యలో పాదాలరాయునికి సాటి లేదు. బొద్దుగా, గుండ్రముగా, నున్నగా ఉన్న ఆ పాదములు మునిగిన తివాచీ తిరిగి గోడెక్కిన సందర్భములు అరుదు.

అట్టి పాదములలో కుడిదానికి, అందును బొటనవ్రేలికి, ఆపద వచ్చెను. గోరు మొదట ఒక మూల పసుపురంగు తిరిగెను, పిమ్మట మందమెక్కెను, పిమ్మట పాతగోడ సున్నమువలె పొడిపొడిగా రాలజొచ్చెను. లోపల ఏమి జరుగుచున్నదో వీరునికి తెలియదు. సర్వజ్ఞుడగు కథకునికి తెలియును. తెలిసి చేయగలిగినది మాత్రము సమాసములు కూర్చుటయే.

ఆ గోటిక్రింది చీకటిలో రెండు శిలీంధ్రవంశములు కాపురము పెట్టినవి. ఒకడు నఖభక్షకుడు, సన్నని దారములవంటి బాహువులు చాచి గోటినే ఆహారముగా గొనువాడు. వేరొకడు కిణ్వకుడు; రొట్టెపిండిని పొంగించు జాతికి దూరపు చుట్టము, గుండ్రని దేహము గలవాడు, చెమ్మ ఉన్నచోటనెల్ల గుంపు కట్టువాడు. తొలినాళ్లలో వారిరువురికి పొసగలేదు. ఒకనాడు నఖభక్షకుడు గోటిమూలపై నిలిచి ఇట్లు పలికెను:

“ఓయి కిణ్వకా, ఒంటరివాడవైన నిన్ను మందు చంపును, ఒంటరివాడనైన నన్నును చంపును. నా దారములు వాసములగుగాక, నీ గుంపులు ఇటుకలగుగాక. మనమిరువురము స్రవించు జిగురు మనకు ప్రాకారమగుగాక. నాకొరకు బయలుదేరిన మందు నీ గుమ్మమున చిక్కుకొని, నీకొరకు వచ్చినది నా గుమ్మమున సొమ్మసిల్లి, రెండును దారి తప్పి నశించుగాక.”

కిణ్వకుడు సమ్మతించెను. ఆ విధముగా ఇద్దరి చెమటతోను, పాదాలరాయుని బూటులోని చెమటతోను, జిగురుకోట లేచెను.

ఇక వీరుడు చేసిన ఘనకార్యము వినుడు. తివాచీలవారికి ఒక చిట్కా కలదు. పరచియుంచిన పెద్ద తివాచీపై మచ్చ పడెనేని, దానిమీద ఒక చిన్న తివాచీని అడ్డముగా వేసి, అదియే అలంకారమైనట్లు నటింతురు. పాదాలరాయుడు తన గోటి విషయమునను ఈ చిట్కానే ప్రయోగించెను. ఇల్లాలి గోళ్లరంగు సీసా తీసికొని మచ్చకు పూత పూసెను. పూతకు పైన, మందుల దుకాణములో అడిగి తెచ్చిన ఆయింట్‌మెంటు రాసెను. దానిపై ప్లాస్టరు, ప్లాస్టరుపై సాక్సు, సాక్సుపై బూటు. ఇన్ని కప్పుల క్రింద చెమ్మ ఆరక, మందు దిగక, శత్రువులు హాయిగా కాళ్లు బారజాపుకొనిరి. కోటకు ఇన్ని పైకప్పులు ఉచితముగా వేయించిన శత్రురాజు చరిత్రలో మరొకడు కనబడడు.

సాక్సుతో నిలిచిన నాటినుండి అమ్మకములు మందగించెను. యజమాని రెండు మూడు వారములు చూచి, ఊరకుండలేక, ఆయనను కౌంటరు వెనుకకు పిలిచెను.

“ఏమయ్యా, సాక్సుతో నిలబడితే తివాచీ మెత్తగా ఉందని ఎవరు నమ్ముతారు? నీ సాక్సు మెత్తగా ఉందనుకుంటారు. చలికాలం అమ్మకాలు మొదలయ్యేలోపు ఉత్తకాళ్లతో నిలబడు. లేదంటే కింద గోదాములో తివాచీ చుట్టలు మోసుకో.”

వీరుని అంతరంగమున మహోపన్యాసము చెలరేగెను: “ఎవని పాదపద్మద్వయము సోకి పారసీక తివాచీలును పరవశించెనో, అట్టి నన్ను, కిటికీ లేని గోదామునకు, చుట్టల నడుమ మరొక చుట్టగా పంపుదువా? దిక్కులారా, వినుడు.” పెదవులు దాటి బయటికి వచ్చినది మాత్రము “సరే సార్” అను రెండు మాటలు. ఆయన నిజముగా భయపడెను. తివాచీపై నిలుచుట తప్ప ఆయనకు మరొక పని రాదు. ఆ చిన్న చోట నిలిచినప్పుడు తప్ప ఆయనను తేరిపార చూచినవారును లేరు.

ఆదివారము మధ్యాహ్నము ఆయన కునుకు తీయుచుండగా ఇల్లాలు సాక్సు లాగివేసెను. ఆమె బడిలో ఆటల టీచరు. లాగవలసినది లాగుటయందు, ఈల వేయవలసినచోట వేయుటయందు వెనుకాడదు. పడకమీద సైతము సాక్సులు విడువని భర్తను ఆమె కొన్ని వారములుగా గమనించుచున్నది. మాయమైన గోళ్లరంగు సీసా కొరకు చెల్లెలిని అనుమానించి, ఆమెతో మాటలు సైతము మానుకొన్నది. ఇప్పుడు ఆ రంగు భర్త బొటనవ్రేలిపై పెచ్చులూడుచు కనబడెను.

“ఎడంగా పడుకుంటుంటే నామీద కోపమేమో అనుకున్నాను” అనెను ఆమె. “ఒక గోరు గురించా ఇదంతా? రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మీరు ఎదురు చెప్పకండి.”

చర్మవైద్యురాలు దూదితో రంగు తుడిచి, గోటినుండి కొంత గీకి పరీక్షకు పంపి, ఫలితము వచ్చినపిదప శాంతముగా వివరించెను. “ఇందులో ఒకటి కాదు, రెండు రకాల ఫంగస్ ఉన్నాయండీ. రెండూ కలిసి జిగురు పొర కట్టుకున్నాయి. పైన ఎంత మందు రాసినా ఆ పొర దగ్గరే ఆగిపోతుంది. దానికి తోడు మీరు మూత కూడా పెట్టారు.” మాత్రలు వ్రాసి ఇచ్చెను. వారము వారము గోటిని ఆకురాయితో అరగదీసి, పొరను చెరిపి, ఆ పిమ్మటనే మందు పూయవలెననెను. ఆ ఆకురాయి మరొక గోటికి తగులరాదు. పరీక్షలో పోయినదని తేలువరకు ఎవరి తివాచీపైనను ఉత్తకాలు మోపరాదు. చివరి మాట విని వీరుని ముఖము వాడిపోయెను. అయినను మరునాడే యజమానికి ఉన్నదున్నట్లు చెప్పివేసెను. యజమాని రెండడుగులు వెనుకకు జరిగి, అంతవరకు తన అల్లుడు నిలుచునని పలికెను. అల్లుని పాదములు పొడుగైనవి, ఎముకలు తేలినవి. తివాచీలో మునుగక పైన తేలుచుండెను. అది చూచి పాదాలరాయుడు లోలోపల సంతోషించెనని కథకుడు దాచక చెప్పుచున్నాడు.

అంతట మహాసంగ్రామము మొదలాయెను. తొలి అడ్డంకి వీరుని బొజ్జ. యావజ్జీవము బొటనవ్రేలితో బ్రతికిన ఆ మహాత్మునికి, తన బొటనవ్రేలు తనకు అందదని ఆనాడు తెలిసెను. వంగెను, ఎగరొప్పెను, మంచముపైనుండి జారెను. ఇల్లాలు నేలపై పాత పేపరు పరచి, మూతికి గుడ్డ కట్టి, ఆయన మడమను తన ఒడిలోనికి లాగుకొని, ఆకురాయి చేబూనెను. “ఊపిరి బిగపట్టకండి. మిమ్మల్ని నేనేం పరుగు పందెంలో దింపట్లేదు” అనెను. తెల్లని పొడి రాలెను. పైకప్పు పలుచబడెను. చీకటిలోనికి తొలిసారి మందు చొరబడెను.

నఖభక్షకుడు ఆక్రోశించెను: “కిణ్వకా, జిగురు కట్టుము, జిగురు కట్టుము.” కిణ్వకుడు బదులు పలికెను: “కట్టినది కట్టినట్లే గీకివేయబడుచున్నది. నీ మాట విని పొత్తు కూడుట నాదే బుద్ధి తక్కువ.” మిత్రులిరువురు ఆ నిమిషమునుండి ఒకరి ముఖము మరొకరు చూడలేదు.

అయితే వీరులకు స్వభావసిద్ధమగు మూర్ఖత్వమునకు పాదాలరాయునియందును లోటు లేదు. గోటి మొదట గులాబిరంగున సన్నని కొత్త అంచు కనబడినంతనే, జయము సిద్ధించెనని చాటి, మాత్రలు సగములో ఆపి, ఇల్లాలి ఆకురాయిని తప్పించుకొని తిరిగెను. కొన్ని వారములకే పసుపుగీత మరల లోనికి ప్రాకెను. ఈసారి ఆమె తిట్టలేదు. పేపరు పరచి, ఒడి చూపి, ఎదురుచూచెను. ఆయన వచ్చి సిగ్గుతో కాలు పెట్టెను. ఆ పిమ్మట ఒక్క వారమును తప్పలేదు.

చలిగాలులు వీచు వేళకు సగము గోరు కొత్తదై, మిగిలిన పాత సగము కత్తిరింపబడి, బొటనవ్రేలు మొండిగా నిలిచెను. వైద్యురాలు మరల గీకి పంపెను. ఫలితము అడుగుటకు వెళ్లిననాడు పాదాలరాయుడు గుమ్మమువద్దనే నిలిచిపోయెను. ఆమె తలయెత్తి, “పరీక్షలో ఫంగస్ ఏమీ పెరగలేదండీ” అనెను. ఆ మాట ఆయనకు అర్థమగుటకు కొంత ఆలస్యమయ్యెను. అర్థమైనపిదప, ఆమె ఎదుటనే, సిగ్గు విడిచి కంటనీరు పెట్టుకొనెను.

మరునాడు ఆయన సాక్సులు విడిచి తివాచీ నడుమకు నడిచెను. ఉన్నిపోగులు చల్లగా వ్రేళ్ల నడుమ చొరబడెను. యజమాని అల్లుని కౌంటరు వెనుకకు పంపెను. అప్పుడే ఒక నడివయసు స్త్రీ కూతురితో మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూలబడి, ఆ పాదములను చూచి, తివాచీని మెచ్చుకొనెను. నీవును బూట్లు విడిచి నిలిచి చూడుమని కూతురు తల్లిని తొందరపెట్టెను. తల్లి పాదములను కుర్చీక్రిందికి లాగుకొని, బూట్లు విప్పుట పెద్ద పనియని నవ్వుటకు ప్రయత్నించెను. కూతురు విడువలేదు. ఆ బూట్లలోపల వ్రేళ్లు ముడుచుకొనిన తీరు పాదాలరాయుడు కనిపెట్టెను. ఆ ముడుచుకొనుట ఆయనకు బాగుగా తెలియును.

చెప్పుటకు ఆయనవద్ద మహోపన్యాసములు అనేకములు సిద్ధముగా ఉన్నవి. ఒక్కటియు వాడలేదు. బొజ్జను లెక్కచేయక మోకాళ్లపై దిగి, అరచేయి తివాచీపై ఆనించెను.

“కాళ్లెందుకమ్మా, చేత్తో నొక్కి చూడండి. ఇంకా బాగా తెలుస్తుంది.”

ఆమె వంగి చేయి పెట్టెను. కూతురు ధర అడుగుటకు అటు తిరిగినప్పుడు ఆమె ఆయన మొండిగోటిని చూచి, గొంతు తగ్గించి అడిగెను: “తగ్గుతుందా అండీ?”

“తగ్గుతుందమ్మా. కాస్త టైము పడుతుంది. మూత మాత్రం పెట్టకండి. మంచి డాక్టరుంది, చెప్తాను.”

ఆమె తల ఊపెను. కుర్చీక్రింది పాదములు మెల్లగా ముందుకు వచ్చినవి. కాళ్లు మోపకనే తివాచీ అమ్ముడుపోవుట ఆ దుకాణములో అదియే మొదలు గనుక, యజమాని రసీదు తానే వ్రాసెను.

కావున సభాసదులారా, భేరీలు మ్రోగింపుడు, పతాకలెత్తుడు, దిగ్గజములను నిద్రలేపుడు. కుడికాలు జయించెను. కుడికాలు అనగా దాని బొటనవ్రేలు. బొటనవ్రేలు అనగా దాని గోరు. గోరు అనగా, ప్రస్తుతానికి, సగము.