ఊరివాళ్ళకు గదులు లేవు

ఆ ఉదయం శ్యామ్ సుందర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగడం, కొల్లేట్లో గూడబాతుల్ని చూడడం, మళ్ళీ కాఫీ తాగడం. తాడేపల్లిగూడెం కాలేజీలో జాగ్రఫీ చెప్పే అతను ఏడేళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ చినమల్లెలంక వచ్చి, వీరరాఘవమ్మ ఇంట్లో సరస్సు వైపు గది అద్దెకు తీసుకుని వారం రోజులుంటాడు. మిగతా ఏడాదంతా ఆ కిటికీనే తలుచుకుంటూ నెట్టుకొస్తాడు.

ముందురోజు పక్షుల ఫొటో ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టి, కింద "మా ఊరు. నా అసలు ఇల్లు ఇదే" అని రాశాడు. రాస్తుంటే కళ్ళు చెమర్చాయి కూడా. మూడొందల లైకులొచ్చాయి. వాటిలో ఒకటి ఊరి పెద్ద వీర్రాజుది.

పొద్దున్నే కాఫీ రాలేదు, వీరరాఘవమ్మ వచ్చింది.

"ఏవండీ, ఇది మీ ఊరేనని వీర్రాజు గారు చెప్పేదాకా మాకు తెలీదండీ. మా కట్టుబాటు ప్రకారం ఊరివాళ్ళకి గది అద్దెకివ్వకూడదండీ. సొంతూళ్ళో అద్దెకుంటే ఊరందరికీ తలవంపులు."

"ఏదో ప్రేమకొద్దీ రాశానమ్మా!"

"మాదీ ప్రేమేనండీ," అంటూ ఆవిడ అతని సంచీ అరుగు మీద పెట్టి, గదికి తాళం వేసింది.

సంగతి తేల్చుకుందామని అతను వీర్రాజు ఇంటికెళ్ళాడు. అక్కడ పాతికమంది పోగై ఉన్నారు. వీర్రాజు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు.

"ఇరవయ్యేళ్ళుగా ఈ ఊరొదిలి పోయేవాళ్ళే గానీ, ఇది నా ఊరంటూ వచ్చినవాళ్ళు లేరండీ! నిజవేనాండీ?"

కాదని చెప్పడానికి అంతకు మించిన సమయం లేదు. కానీ పాతికమంది అంత ఆపేక్షగా చూస్తుంటే కాదనే మాట ఎవరికి పెగులుతుంది? "నిజమేనండీ," అన్నాడు.

అంతలో మైకు మోగింది. తూర్పు గట్టుకు గండి పడేలా ఉంది, ఇంటికో మనిషి రావాలి. మైకులో చదివిన పేర్లలో ఆఖరిది శ్యామ్ సుందర్‌ది. పంటల మ్యాపులు తప్ప పొలం ఎరగని మనిషి నెత్తిన మట్టి తట్ట పెట్టేశారు. మొదటి తట్ట కొల్లేట్లో పడింది. రెండో తట్టతో పాటు అతనే పడ్డాడు. ఒడ్డున ఒకటే నవ్వులు. పదో తట్టకి వీర్రాజు, "ఓరేయ్ శ్యామూ, నడుం వంచాలిరా!" అని కేకేశాడు. ఆ పిలుపు తనకేనని తెలియడానికి అతనికి కొంత సేపు పట్టింది.

మధ్యాహ్నం ఊరి ఉమ్మడి భోజనాల్లో ఏలూరు నుంచి వచ్చిన సందర్శకులకు ముందు వడ్డించారు. కొరమీను పులుసులో మంచి ముక్కలు వాళ్ళకి పోయాయి. ఊరివాళ్ళతో రెండో బంతిలో కూర్చున్న శ్యామ్ సుందర్‌కి ఉత్త పులుసే మిగిలింది. అదీ ఓర్చుకున్నాడు. కానీ భోజనాలయ్యాక వీర్రాజు, "ఇల్లు కట్టుకునేదాకా గట్టు మీద కాపలా పాకలో ఉండరా. మనదే," అనేసరికి కిటికీ గది కళ్ళ ముందు కదిలింది. ఇక ఆగలేకపోయాడు.

"నేను ఊరివాణ్ణి కానండీ! ఏదో ఏడాదికోసారి చూసిపోయేవాణ్ణి."

వీర్రాజు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"అలాగేనండీ. ముందే చెబితే ఇంత కష్టపెట్టేవాళ్ళం కాదండీ. ఏమనుకోకండి."

గది తాళం తీశారు. సాయంత్రం కొరమీను తలకాయ అతని కంచంలోకే వచ్చింది. రుచి మాత్రం ఎందుకో తెలియలేదు.

మర్నాడు కాఫీ వచ్చింది, కిటికీ వచ్చింది, గూడబాతులూ వచ్చాయి. "ఎన్నాళ్ళుంటారండీ?" అని వీరరాఘవమ్మ మర్యాదగా అడిగింది. ఏడేళ్ళుగా ఆవిడ ఏటా అడిగే మాటే. ఈసారే గుచ్చుకుంది.

ఇంతలో మళ్ళీ మైకు. నిన్న అతను మట్టి పోసిన చోటే గట్టు జారిందట. ఇంటికో మనిషి రావాలి. శ్యామ్ సుందర్ కప్పు వదిలేసి, పంచె ఎగ్గట్టి, పరుగెత్తాడు. చేరేసరికి అందరి చేతుల్లోనూ తట్టలున్నాయి. అతనూ చెయ్యి చాపాడు.

"అయ్యో, మీరెందుకండీ! అతిథులు," అన్నాడు వీర్రాజు. "ఎవరక్కడ? మాస్టారికి నీడలో కుర్చీ వెయ్యండి. ఇక్కణ్ణుంచి పక్షులు బాగా కనిపిస్తాయండీ."

కుర్చీ కొత్తది, నీడ చల్లగా ఉంది, పక్షులు నిజంగానే బాగా కనిపించాయి. శ్యామ్ సుందర్ ఆ రోజు ఒక్క ఫొటో కూడా తియ్యలేదు.